విజయనగరపు పాత లోగిళ్లు

ఒక పట్టణపు చరిత్రమును వ్రాయబూనిన వారు సాధారణముగా దాని కోటనుండి యారంభింతురు. కోట నెవరు కట్టించిరి, ఏ యుద్ధమున నెవరు గెలిచిరి, ఎవరోడిరి అను విషయములతోనే పుస్తకము నిండిపోవును. ఆ కోట నీడలో తరతరములుగా కాపురములు చేసిన జనులెట్టి యిండ్లలో నుండిరి, ఆ యిండ్లలో నెవరి కేచోటు దక్కెను, ఎవరి కేచోటు దక్కలేదు అను ప్రశ్నలకు మాత్రము తావు చిక్కదు. రాజశాసనమును రాతిమీద చెక్కుదురు. సంఘశాసనమును ఇంటి గోడలలో కట్టుదురు. ఈ రెండవ శాసనమును చదువుటకు లిపిజ్ఞానము కూడ నక్కరలేదు. వీధి గుమ్మమున ప్రవేశించి పెరటి గుమ్మము దాక నడచిన చాలును.

విజయనగరమున ఈ నడక కనువైన యిండ్లు ఇంకను కొన్ని మిగిలియున్నవి. అవి నానాటికి తరిగిపోవుచున్నవి. అవి పూర్తిగా పోకమునుపే వానిని చదువుకొనుట మంచిది.

ఈ కోటకు 1713వ సంవత్సరమున పునాది పడినది. పూసపాటి వంశజుడైన విజయరామరాజు కుమిలినుండి తన స్థానమును మార్చి దీనిని కట్టించెను. ఆ యేడు విజయ నామ సంవత్సరము, దినము విజయదశమి, వారము మంగళవారము, అనగా జయవారము, కట్టించినవాడు విజయరాముడు, వెలసిన యూరు విజయనగరము. ఇట్లు ఐదు జయములు కలిసివచ్చినవని పెద్దలు ముచ్చటగా చెప్పుకొందురు. కోట చతురస్రము. ఒక్కొక్క ప్రక్క సుమారు 240 మీటర్లు. రాతి గోడల యెత్తు సుమారు 10 మీటర్లు. నాలుగు మూలల నాలుగు బురుజులు.

జయములెన్ని కలిసినను యుద్ధముల ఫలము వేరుగా నుండినది. 1757 జనవరి 24వ తేదిని బొబ్బిలికోట పడినది. పిమ్మట కొలది దినములకే విజయరామరాజు తన డేరాలో తాండ్ర పాపారాయని చేత హతుడయ్యెను. 1794 జూలై 10వ తేదిని పద్మనాభమువద్ద చిన విజయరామరాజు కుంపిణీ సైన్యము నెదిర్చి నేలకొరిగెను. అటుపిమ్మట విజయనగరపు కోటకు యుద్ధముతో పనిలేకపోయెను. 1802లో శాశ్వత పైసలా వచ్చెను. కత్తికి మారుగా లెక్కల కవిలె సంస్థానమునకు ప్రాణాధారమయ్యెను. గుమాస్తాలు, కరణములు, వకీళ్లు, పండితులు, షాహుకార్లు, వారికి కావలసిన వడ్రంగులు, కంసాలులు, వారి యింటి పనులు చేయు బీదలు, అందరును కోట చుట్టు చేరిరి. మనము నేడు పాత వీధులని పిలుచునవి ఇట్టి కొలువుల మీదను, కొలువులను నమ్ముకొన్న బ్రదుకుల మీదను పెరిగిన వీధులు.

పందొమ్మిదవ శతాబ్దపు నడుమ ఈ యూరికి మరియొక కొలువు తోడయ్యెను, అది విద్య. 1857లో పాఠశాలయు, 1860లో సంస్కృత పాఠశాలయు వెలసినవి. ఆ మొదటి పాఠశాలయే 1879లో కళాశాల యయ్యెను. 1885లో 68 అడుగుల గంటస్తంభము లేచెను. 1888లో పురపాలక సంఘ మేర్పడెను. 1919లో సంగీత కళాశాల ఆదిభట్ల నారాయణదాసుగారి అధ్యక్షతను ప్రారంభమయ్యెను. అంతవరకు ప్రొద్దును సూర్యునిబట్టి తెలిసికొన్న యిల్లాలికి గంటస్తంభము కొత్త కాలమును వినిపించెను. బడికి పోవు పిల్లవాడును, కచ్చేరికి పోవు మగడును ఆ గంట ననుసరించి భోజనమునకు కూర్చుండసాగిరి. ఆ గంటకు ముందుగా పొయ్యి రాజేయవలసిన భారము మాత్రము ఇల్లాలి మీదనే పడెను.

ఇక నింటిలోనికి పోవుదము. వీధివైపున మొదట కనబడునది అరుగు. మనిషి నడుమెత్తు గచ్చు తిన్నె, మీద చూరు, చూరును మోయు కఱ్ఱ స్తంభములు. అరుగు ఇంటివారిదియు వీధివారిదియు కూడ. బాటసారి యెండవేళ నచట కూర్చుండుట కెవరి యనుమతియు నక్కరలేదు. వీధిబడి పంతులు పిల్లలచేత నచటనే ఇసుకలో అక్షరములు దిద్దించెను. పొరుగూరినుండి చదువుకు వచ్చి, దినమున కొక యింట వారము చెప్పుకొని భుజించు విద్యార్థి రాత్రి యచటనే చాప పఱచుకొనెను. వసతి గృహములు లేని కాలమున విజయనగరపు విద్యకు ఆధారమైనది ఈ అరుగును, ఈ వారాల యన్నమును. తండ్రి పోయిన పిమ్మట గురజాడ అప్పారావుగారు కళాశాలాధ్యక్షులైన చంద్రశేఖరశాస్త్రిగారి యింట భోజనవసతులు పొంది చదువుకొనిరన్నది సర్వవిదితము. ఒక యింటి తలుపు తెఱచుకొనుటచేత ఆంధ్రదేశమున కొక మహాకవి దక్కెను.

కాని యీ అరుగుమీద కూర్చుండుట కందఱకు హక్కుండెనా? లేదు. కులమునుబట్టి కొందఱు అరుగెక్కుదురు. కొందఱు అరుగు క్రింద నిలుతురు. కొందఱు వీధికి ఆవలి ప్రక్కనుండియే కేక వేయుదురు. వారముల యన్నమును సామాన్యముగా కులము చూచియే పెట్టిరి. కాబట్టి అరుగు ఔదార్యమునకు గుర్తు. ఆ యౌదార్యమునకు గీచిన గీటు కూడ నదియే. ఒకదానిని మాత్రమే చెప్పి రెండవదానిని దాచువాడు చరిత్రకారుడు కాడు.

గడప దాటినచో సావడి. గచ్చు నేల, గోడలలో దీపపు గూళ్లు, పైని అటక. సావడికి లోపల మండువా. నాలుగు వైపుల పంచలు, నాలుగు వాలుల కప్పు, నడుమ ఆకాశము. వేడిగాలి ఆ తెఱపినుండి మీదికి పోవును. వీధి గుమ్మమునుండియు పెరటి గుమ్మమునుండియు చల్లగాలి లోనికి వచ్చును. వాన కురిసినపుడు నాలుగు చూరుల నీరు నడిమి గుంటలో పడి తూము గుండా వెలుపలికి పాఱును. ఇల్లాలు గంగాళములు పెట్టి ఆ నీటిని పట్టుకొనును. గోడ మందము మూరకు తక్కువ కాదు. పగటి యెండ లోనికి దిగుటకు మునుపే సాయంకాల మగును. విద్యుత్తు పంకా లేని దినములలో, మే నెల మధ్యాహ్నమున, ఈ మండువాయే యింటివారికి చలువపందిరి.

ఈ యింటి సామగ్రి యంతయు చుట్టుప్రక్కలదే. గానుగలో ఎద్దులచేత నూరించిన సున్నమునకు బెల్లపు నీరును, కరక్కాయ రసమును చేర్చి పూత పూయుదురు. చేవదేరిన తాటి దూలములు, తాటి వాసములు. ద్వారబంధములకు టేకు, వేగి మొదలైన కఱ్ఱ. పైని కుమ్మరి కాల్చిన నాటు పెంకు. 1865లో బాసెల్ మిషనువారు మంగుళూరున యంత్రపు పెంకుల కార్ఖానా పెట్టిరి. 1893 మొదలు తూర్పుతీరపు రైలుమార్గము తెఱచుకొనగా దూరపు సరకు ఊరిలోనికి వచ్చుట సులువయ్యెను. కోతులు నడచినను గాలి వీచినను చెదరు నాటు పెంకు పోయి, ఒకదానిలో నొకటి యిముడు బల్లపరపు పెంకు క్రమముగా ఇండ్ల మీది కెక్కెను. ఏటేట పెంకు నేయించు పని తగ్గెను. ఆ పనినే నమ్ముకొన్న కూలివాని బత్తెమును తగ్గెను. సౌకర్యముల చరిత్రలో నిట్టి వ్యయము నెవరును జమకట్టరు.

పేదవాని యిల్లు వేఱు. సముద్రతీరపు పల్లెలలో చుట్టిల్లు మన ప్రాంతపు నిజమైన ప్రాచీన శిల్పము. గుండ్రని మట్టి గోడ, గొడుగువలె నేలదాక దిగిన తాటాకు కప్పు. తుపాను గాలికి పట్టు దొరకుటకు మూలలు లేవు గనుక గాలి దానిని చుట్టుకొని పోవును. శ్రీకాకుళమునుండి గంజాము వైపు పోయినకొలది పల్లెలలో మరియొక తీరు కనబడును. ఒకే వెన్ను క్రింద గోడకు గోడ యానించి వీధి పొడవునను ఇండ్లు. ముందు అందఱి అరుగులును కలిసి ఒకే వసారా. ఒక్కొక్క యిల్లు వెడల్పున కురుచ, పొడవున దీర్ఘము. పొందూరు సాలెవాని యింటిలోనైతే నడిమి స్థానము మగ్గపు గుంటది. కాపుర మంతయు దాని చుట్టును సర్దుకొనును. శిల్పమనగా మేడయే యని తలచువారికి ఈ యిండ్లు కనబడవు. 2014 అక్టోబరు 12వ తేదిని హుద్‌హుద్, 2018 అక్టోబరు 11వ తేదిని తిత్లీ తుపానులు ఈ తీరమును చీల్చి చెండాడినపుడు, ఇంటి కప్పు అనునది అలంకారము కాదనియు, ప్రాణరక్షణమనియు అందఱకు మరల తెలిసివచ్చినది.

మండువా దాటి లోపలికి పోవుదము. ఇచ్చటనుండి వెలుతురు తగ్గును. గాదెలు, ధాన్యపు గది, పురుటి గది, పిమ్మట వంటిల్లు. ఇంటిలో మిక్కిలి వెలుతురైన భాగము మగవారు కూర్చుండు సావడి. మిక్కిలి పొగచూరిన భాగము ఆడువారు పగలెల్ల మెలగు వంటిల్లు. పెంకుసందుల పొగగూడు తప్ప దానికి కిటికీ యుండుట యరుదు. కన్నుల మంట, దగ్గు, ఆయాసము, ఇవన్నియు "ఆడుదాని కర్మ" యని సరిపెట్టుకొనిరి. గోడలో రెండడుగుల కిటికీ పెట్టినచో తీరెడి బాధకు పూర్వజన్మను కారణముగా చెప్పుట మన దేశమున కొత్త కాదు. నెలకు మూడు దినములు ఇల్లాలికి ఆ వంటిల్లును లేదు. పెరటి పంచన ఒక మూల ఆమె చోటు. బాలవితంతువునకు జీవితమంతయు వెనుక భాగమే. శుభకార్యమునాడు వీధి గుమ్మమున నామె యెదురుపడరాదు. ఒకే కప్పు క్రింద నుండియు మండువాకు ముందు ఒక లోకము, వెనుక ఒక లోకము.

ఇది నేడు మనము కల్పించుకొన్న నింద కాదు. ఆ యిండ్ల నెఱిగినవారే చెప్పిన సాక్ష్యము. కన్యాశుల్కము 1892లో విజయనగరమున మొదట ప్రదర్శింపబడెను, 1897లో అచ్చయ్యెను. అందలి కథ మొదలగు బొంకులదిబ్బ ఈ యూరిదే, కోట యెదుటిదే. అగ్నిహోత్రావధానుల యింటి బుచ్చమ్మయు, లుబ్ధావధానుల యింటి మీనాక్షియు, పూటకూళ్లమ్మయు, మధురవాణియు, నలుగురును నాలుగు యిండ్లలో నాలుగు విధములుగా సంఘశాసనమునకు లోబడినవారు, లేదా దానిని త్రోసివేసి నిలిచినవారు. ఆ నాటకమును చదువుచు ఏ మాట ఏ గుమ్మమువద్ద పుట్టుచున్నదో గుర్తించినచో, పాత యింటి పటము నాటకములోనే గీయబడియున్నట్లు తోచును.

అప్పారావుగారు తొలి కూర్పునకు వ్రాసిన పీఠికలో మరియొక సాక్ష్యము కలదు. ఆనందగజపతి మహారాజావారు విశాఖపట్టణము జిల్లాలో బ్రాహ్మణ కుటుంబములలో జరిగిన శుల్క వివాహముల పట్టికను తయారుచేయించిరి. అది సంపూర్ణము కాదని పీఠికయే చెప్పును. అయినను అందు 1,034 వివాహములు నమోదయినవి. ఏటికి సగటున 344. అందు అయిదేండ్ల బాలికలు 99 మంది, నాలుగేండ్లవారు 44 మంది, మూడేండ్లవారు 36 మంది, రెండేండ్లవారు ఆరుగురు, ఏడాది బిడ్డలు ముగ్గురు. ఆ చంటిబిడ్డల వెల 350 మొదలు 400 రూపాయలు. మన మిప్పుడు మెచ్చుకొను చెక్కడపు ద్వారబంధముల క్రిందనే మేనాలలోనుండి ఇట్టి బిడ్డలు కొందఱు దింపబడిరి. పసుపు పూసిన గడపలు చూడముచ్చటగా నుండును, నిజమే. కాని గడపను పొగడునపుడు దానిని దాటి వచ్చిన పాదములు ఎంత చిన్నవో కూడ తలచుకొనవలెను.

పెరటిలో బావి, తులసికోట, అరటిచెట్లు, పశువుల పాక. వాని కన్నిటికి వెనుక దొడ్డి. దొడ్డికి వెనుక ఇరుకైన సందు. ఇంటికి రెండు ముఖములున్నవని చెప్పుదురు గాని, మూడవ ముఖ మీ సందు. పాకీపని చేయువారు తెల్లవాఱక మునుపే ఆ సందున వచ్చి, వెనుకనుండియే మలమును చేతితో నెత్తి, తలపై మోసికొని పోయిరి. వారి మొగము ఇంటివారు చూడలేదు. ఇంటి మొగము వారు చూడలేదు. ఒకే యింటికి నిత్యము సేవచేసినవారు ఆ యింటి అరుగును తాకలేకపోయిరి. ఈ యమానుష కృత్యమును నిషేధించుచు శాసనము 1993లో వచ్చెను. దానికంటె కఠినమైన మరియొక శాసనము 2013లో వచ్చెను. స్వరాజ్యము వచ్చిన పిమ్మట మొదటి శాసనమునకే నలుబదియాఱేండ్లు పట్టెను. మన సంస్కారము వీధి గుమ్మమున ప్రవేశించి పెరటి సందును చేరుటకు పట్టిన కాలమది.

ఇట్టి యింటిని కాపాడుట యెందుకని కొందఱు సంస్కారప్రియులే యడుగుదురు. ఆ ప్రశ్న న్యాయమైనదే. దానికి సమాధానము కోటయే చెప్పుచున్నది. యుద్ధమునకై కట్టిన ఆ గోడలలోపల నేడు విద్యాసంస్థలు నడచుచున్నవి; 1958లో పూసపాటి వారు స్థాపించిన మాన్సాస్ ధర్మసంస్థ వానిని నడుపుచున్నది. గోడలు పాతవే, లోపలి పని కొత్తది. ఒకప్పుడు ఫిరంగులకు వెఱచి కట్టిన బురుజుల నీడలో ఆడుపిల్లలు పరీక్షలకు చదువుకొనుచున్నారు. కోట కిట్టి పునర్జన్మము సాధ్యమైనపుడు లోగిలికి మాత్ర మేల సాధ్యము కాదు? వంటింటికి కిటికీ పెట్టవచ్చును, దొడ్డిని బాగుచేయవచ్చును, సావడిలో ఇల్లాలి పుస్తకముల బల్ల వేయవచ్చును, అరుగును అందఱకు తెఱవవచ్చును. గాలిని, వెలుతురును, వాననీటిని ఆహ్వానించిన తెలివిని మాత్రము పాడుచేయనక్కరలేదు. ఆ తెలివి లేని ఇనుము సిమెంటు పెట్టెలలో నేడు మనము పగలు దీపము వెలిగించుకొని, యంత్రము పెట్టి గాలి తెప్పించుకొనుచున్నాము.

ఆడుపిల్లలకు ఆస్తిలో వాటా యిచ్చుటచేతనే పాత యిండ్లు ముక్కలై పోయినవని మరికొందఱందురు. ఈ మాట చరిత్ర ముందు నిలువదు. తెలుగు ఆడుబిడ్డకు అవిభక్త కుటుంబపు ఆస్తిలో సమానహక్కునిచ్చిన శాసనము 1986లో వచ్చెను. దేశమంతటికి 2005లో వచ్చెను. అన్నదమ్ముల పంపకములు అంతకు ఎన్నో తరముల పూర్వమే మండువాల నడుమ గోడలు లేపినవి. నలుగురు కొడుకులకు నాలుగు పంచలు. ఆకాశము వచ్చు తెఱపిని ఎవరి వాటాలో వేయవలెనో తెలియక దానిపై రేకు కప్పిరి. వెలుతురును పంచుకొనుట చేతకాక ఆర్పివేసిరి. ఇందు అక్కచెల్లెండ్ర దోషమేమున్నది? 1948నాటి శాసనముచేత జమీందారీలు పోగా కొలువులు పోయినవి; కొలువులు పోగా పిల్లలు విశాఖపట్టణమునకును, ఇంకను దూరపు నగరములకును పోయిరి. పెద్దింటిని చూచుకొను చేతులు తక్కువయ్యెను. క్రింది నేల వెల హెచ్చెను. పాత యిండ్లు పడుటకు నిజమైన కారణములివి.

ఊరివారికి పాతదానిపై మమకారము లేదనుటకు వీలులేదు. విజయదశమి తరువాతి మంగళవారమున పైడితల్లి సిరిమాను మూడు లాంతర్లకును కోటకును నడుమ ముమ్మాఱు తిరుగునపుడు, సుమారు 60 అడుగుల మాను కదలివచ్చు ఆ వీధి ఇరుప్రక్కల నిలువ చోటుండదు. ఆ మూడు లాంతర్ల స్తంభమును 2020లో పడగొట్టినపుడు ఊరు ఊరంతయు నొచ్చుకొనినది. గురజాడవారి యిల్లు స్మారకమై నిలిచియున్నది. కాని మహాకవి యిల్లొక్కటి నిలిచి, ఆయన చూచి వ్రాసిన వీధులన్నియు పోయినచో, ప్రతిపదార్థము మిగిలి పద్యము పోయినట్లగును.

ఎల్ల యిండ్లను నిలుపుట సాధ్యము కాదు. పై వాసములు పుచ్చి పడబోవు యింటిలో నుండుమని ఎవరిని నిర్బంధింపగలము? ఇంటివారి యిబ్బంది తెలియక, వీధినుండి చూచి యానందించువారి మాట చెల్లదు. కాని పడగొట్టుటకు ముందు ఒక పని చేయవచ్చును. ప్రతి పాఠశాలలోను తొమ్మిదవ తరగతి పిల్లలచేత తమ వీధిలోని ఒక పాత యింటిని కొలిపించి పటము గీయింపుడు. కొలతలతో సరిపెట్టవద్దు. ఆ యింటి ముసలమ్మ నడిగి, ఆమె ఏ గదిలో కని పెంచినదో, ఎచ్చట కూర్చుండి భుజించినదో, ఎన్నవ యేట ఆ గడప దాటి వచ్చినదో, ఏ గుమ్మము దాటుటకు వీలులేకుండెనో పటముమీద గుర్తింపుమనుడు. వెనుక సందును మఱవక చూపుమనుడు. ఆ సందున వచ్చినవారి సంతతివారిని కూడ గౌరవముతో నడిగి వ్రాసికొనుమనుడు. ఖర్చు ఒక కొలతటేపు, కొన్ని కాగితములు. పురపాలక సంఘము ఆ పటముల నొక చోట భద్రపఱచినచో ఏ రాజవంశావళికిని తీసిపోని గ్రంథము మనకు దొరకును.

ఇల్లు పడిపోయిన పిమ్మట పటము గీయుటకు వీలులేదు. ముసలమ్మ పోయిన పిమ్మట ప్రశ్న లడుగుటకు వీలులేదు. రెంటిలో రెండవదే త్వరగా జరుగుచున్నది. పాఠకులలో నెవరి యింటనైన అట్టి లోగిలియు, అట్టి యవ్వయు నున్నచో, ఈ సెలవులలోనే పని ప్రారంభింతురు గాక.